నిపుణుడి మాట, న్యాయమూర్తి మౌనం

తెలియని విషయంలో తెలిసినవాడి మాట వినటం వివేకం. జ్వరం వచ్చినప్పుడు వైద్యుడి మాట వింటాము. వంతెన కట్టేటప్పుడు ఇంజనీరు మాట వింటాము. ఇందులో దాస్యం ఏమీ లేదు. కాని తెలిసినవాడి మాట వినటం వేరు, తెలిసినవాడుగా నియమింపబడినవాడి మాట వినటం వేరు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం వున్నదో విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల ఎంపిక అన్యాయంగా జరిగిందని న్యాయస్థానాలకు వెళ్ళినవారికి తరచుగా లభించే సమాధానం ఒకటున్నది. ఈ ఎంపిక చేసినవారు ఆ శాస్త్రంలో నిపుణులు, న్యాయమూర్తులు నిపుణులు కారు, కాబట్టి నిపుణుల నిర్ణయం మీద న్యాయస్థానం అప్పీలు విచారణ చెయ్యదు అన్నదే ఆ సమాధానం. వినటానికి ఇది వినయంగా వుంటుంది. అధికారం వున్నవాడు తన అజ్ఞానాన్ని ఒప్పుకోవటం మన దేశంలో అంత తరచుగా కనిపించే గుణం కాదు. కాని ఈ వినయం ఎవరికి మేలు చేస్తున్నది? విద్యకా, విద్య పేరుతో పీఠమెక్కిన అధికారానికా?

నాకు తెలిసిన ఒక యువకుడి సంగతి చెబుతాను. సిరిసిల్లలో మరమగ్గం నడిపే కార్మికుడి కొడుకు. తెలుగులో ఎం. ఏ. చేసి, పరిశోధన పూర్తిచేసి, ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళాడు. లోపలికి పోయి బయటికి రావటానికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. అడిగినవి మూడే ప్రశ్నలు: ఏ వూరు, పరిశోధనకు మార్గదర్శకులెవరు, సిద్ధాంత వ్యాసం పేరేమిటి. జాబితాలో తన పేరు లేదు. లేకపోవటం అతన్ని అంతగా బాధించలేదు. తనకంటె సమర్థుడు దొరికివుండవచ్చు గదా అనుకున్నాడు. ఎందుకు లేదో చెప్పగలవాడు ఎక్కడా లేకపోవటం బాధించింది. ఇంటికి వస్తే తండ్రి అడిగాడట: “గుడ్డల తప్పున్నదని పైసలు కోస్తే, తప్పు ఏడున్నదో వేలు పెట్టి చూపిస్తరు గద. నీకెవరన్న చూపిచ్చిన్రా బిడ్డా?”

ఆ ప్రశ్నలో న్యాయశాస్త్రం ఎంత వున్నదో ఆ తండ్రికి తెలియకపోవచ్చు. మనం తెలుసుకోవాలి.

ఈ సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాము. మన పొరుగునే వున్న మైసూరు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు రీడరు పదవికి జరిగిన నియామకాన్ని గోవిందరావు అనే అభ్యర్థి సవాలు చేశాడు. ప్రకటనలో అడిగిన అర్హతల్లో ఒకటి ఎం. ఏ. లో మొదటి తరగతి, లేదా పైస్థాయి రెండో తరగతి, లేదా అందుకు సమానమైన విదేశీ పట్టం. నియమితుడైన వ్యక్తికి ఇక్కడి ఎం. ఏ. లో వచ్చిన మార్కులు యాభై శాతానికి కొంచెం పైన. అయితే ఆయనకు ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయం పట్టం కూడా వున్నది. యాభై శాతం పైస్థాయి రెండో తరగతి కాదని మైసూరు హైకోర్టు నియామకాన్ని రద్దుచేసింది. 1963 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసివేసింది. విదేశీ పట్టం సమానమైనదా కాదా అన్నది విద్యావేత్తలు తేల్చవలసిన విషయం. నిపుణుల సంఘం మీద దురుద్దేశం ఆరోపించనప్పుడు ఇటువంటి విషయాలను వారికే వదిలివెయ్యటం మంచిది అన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పును నేను తప్పుపట్టను. డర్హమ్ పట్టానికి మైసూరులో విలువ ఎంత అన్న ప్రశ్నకు న్యాయమూర్తి దగ్గర సమాధానం లేదు, వుండనక్కరలేదు. పైగా అది ఆనాటికి పురోగామి దృష్టి కూడా. విశ్వవిద్యాలయం లోపలి వ్యవహారాన్ని బయటి అధికారం శాసించకూడదన్న భావం అందులో వున్నది. దురదృష్టం ఏమిటంటే, ఆ తీర్పులో వున్న షరతులు క్రమంగా జారిపోయి సూత్రం ఒక్కటే మిగిలింది. 1990 నాటి లా రిపోర్టుల్లో కనిపించే దల్పత్ సోలుంకే కేసులో, ఎంపిక సంఘాల నిర్ణయాల మీద న్యాయస్థానం అప్పీలు విచారించరాదన్నారు. సంఘం కూర్పులో చట్టవిరుద్ధత, ఎంపికను చెడగొట్టే విధానలోపం, దురుద్దేశం వంటి కారణాలకు మాత్రమే జోక్యం చేసుకోవచ్చునన్నారు. 1992 నాటి రిపోర్టుల్లో వున్న బెంగుళూరు మానసిక ఆరోగ్య సంస్థ కేసులో, నియమాలు ప్రత్యేకంగా కోరనప్పుడు ఎంపిక సంఘం తన నిర్ణయానికి కారణాలు రాయవలసిన బాధ్యత లేదన్నారు. 2010లో బసవయ్య కేసులో, నిపుణుల సంఘం అభిప్రాయాన్ని గౌరవించాలన్న పాత మాటను మళ్ళీ గట్టిగా చెప్పారు.

ఈ మెట్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. దురుద్దేశం వుంటే జోక్యం చేసుకుంటామన్నారు. కారణాలు రాయనక్కరలేదన్నారు. కారణాలు రాయని చోట దురుద్దేశాన్ని రుజువు చెయ్యటం ఎట్లా? తలుపు తెరిచే వున్నది, అయితే తాళంచెవి లోపలివారి దగ్గరే వున్నది. 2012లో మరొక మెట్టు చేరింది. బీహారు పబ్లిక్ సర్వీసు కమిషను కేసులో, ఇంటర్వ్యూ చేసినవారి పేర్లను సమాచార హక్కు చట్టం కింద వెల్లడించనక్కరలేదని సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్షకులకు ప్రమాదం కలగవచ్చునన్న భయం కారణంగా చెప్పారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. కాని పేరు దాచవచ్చు; కారణాన్ని కూడా దాచవలసిన పని ఏమున్నది?

అసలు పొరపాటు ఎక్కడ జరుగుతున్నదంటే, మూడు రకాల ప్రశ్నలను ఒక్క ప్రశ్నగా ముడివెయ్యటంలో. ఈ అభ్యర్థికి ప్రబంధ సాహిత్యం బాగా తెలుసా, ఆ అభ్యర్థికి బాగా తెలుసా అన్నది మొదటి రకం. ఇది పాండిత్యానికి సంబంధించింది. ప్రకటించిన నియమాలు పాటించారా, అందరికీ సమానమైన సమయం ఇచ్చారా, మార్కులు ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు అన్నది రెండో రకం. ఇది విధానానికి సంబంధించింది. ఎంపిక చేసినవాడికీ ఎంపికైనవాడికీ వున్న బంధం ఏమిటన్నది మూడో రకం. ఇది నీతికి సంబంధించింది. మొదటి ప్రశ్న దగ్గర న్యాయమూర్తి ఆగిపోవటం సబబే. రెండో, మూడో ప్రశ్నల దగ్గర ఆగిపోతే దాన్ని వినయం అనలేము. గుడిలో దొంగతనం జరిగిందని ఫిర్యాదు చేస్తే, నాకు ఆగమశాస్త్రం తెలియదని పోలీసువాడు వెళ్ళిపోయినట్టుంటుంది.

న్యాయస్థానాలకు ఈ తేడా తెలియదని కాదు. తెలిసిన సందర్భాలు వున్నాయి. 1969లో క్రైపక్ కేసులో, అటవీ సర్వీసుకు జరిగిన ఎంపికను సుప్రీంకోర్టు కొట్టివేసింది. అక్కడ ఒక అభ్యర్థే ఎంపిక సంఘంలో సభ్యుడు. తన పేరు పరిశీలించేటప్పుడు ఆయన పక్కకు తప్పుకున్నా, తన పోటీదారుల పేర్లు పరిశీలించేటప్పుడు కూర్చున్నాడు. ఇది గుర్తించటానికి న్యాయమూర్తులకు అడవుల శాస్త్రం అవసరం లేకపోయింది. 1980లో అజయ్ హాసియా కేసులో, శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ప్రవేశాల విషయంలో, రాతపరీక్షకు వంద మార్కులు, మౌఖిక పరీక్షకు యాభై మార్కులు పెట్టటం అన్యాయమన్నారు. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాట్లాడి, తలిదండ్రుల సంగతీ ఊరి సంగతీ అడిగి పంపించారన్నది అక్కడి ఆరోపణ. మౌఖిక పరీక్ష మొత్తంలో పదిహేను శాతం మించకూడదని ఆ తీర్పు చెప్పింది. అయితే న్యాయంగా ఒక మాట చేర్చాలి. మరుసటి సంవత్సరమే లీలాధర్ కేసులో, విద్యార్థుల ప్రవేశాలకు చెప్పిన హద్దు పెద్దవారిని ఉద్యోగాలకు ఎంపిక చేసేటప్పుడు అట్లాగే వర్తించదన్నారు. వయసు వచ్చినవాడి వ్యక్తిత్వం మాటల్లోనే బయటపడుతుందన్నది వాదం. కొంత నిజం వుండవచ్చు. కాని ఆ కొంత నిజం ఎంత దూరం పోయిందో చూడండి. 2018లో యూజీసీ జారీచేసిన నిబంధనల్లో, అసిస్టెంటు ప్రొఫెసరు పదవికి చదువు మార్కులూ పరిశోధనా ఇంటర్వ్యూకు పిలవటానికి మాత్రమే పనికివస్తాయి. ఎంపిక కేవలం ఇంటర్వ్యూలో కనబరచిన ప్రతిభ మీదనే అని రాశారు. పదిహేను శాతం కూడా ఎక్కువేమో అని ఒకప్పుడు విచారించిన దేశంలో నూటికి నూరు శాతం అయింది.

ఇప్పుడు నిపుణుడు అనే మాటనే పరిశీలించాలి. నిపుణుడు ఆకాశం నుంచి ఊడిపడడు. అదే నిబంధనల ప్రకారం ఎంపిక సంఘానికి వైస్ ఛాన్సలరు అధ్యక్షుడు. విషయ నిపుణులు ముగ్గురు. వారిని ఆమోదిత జాబితా నుంచి పేర్కొనేది వైస్ ఛాన్సలరు. అభ్యర్థుల్లో దళితులు, ఆదివాసులు, వెనుకబడిన తరగతులవారు, మైనారిటీలు, స్త్రీలు, వికలాంగులు వుండి, సభ్యుల్లో అటువంటివారు లేకపోతే ఒకరిని చేర్చాలి. ఆ ఒకరిని పేర్కొనేదీ వైస్ ఛాన్సలరే. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వైస్ ఛాన్సలరు నియామకంలో ప్రభుత్వం చెయ్యి ఎంత వుంటుందో అధ్యాపకులకు ఎవరూ చెప్పనక్కరలేదు. న్యాయస్థానం జ్ఞానానికి నమస్కరిస్తున్నాననుకుంటున్నది. ఆ నమస్కారాన్ని ద్వారం దగ్గర నిలబడి అందుకుంటున్నది అధికారం.

ఇంకొక సంగతి. తరతరాలుగా చదువు కొద్ది కులాల సొత్తుగా వున్న సమాజంలో, ఎవరు పండితుడు అన్న అభిప్రాయం కూడా ఆ సమాజమే తయారుచేస్తుంది. రిజర్వుడు పోస్టుల దగ్గర ‘తగిన అభ్యర్థి లభించలేదు’ అని రాసి ఖాళీగా వదిలెయ్యటం మన విశ్వవిద్యాలయాల్లో అందరికీ తెలిసిన ఆచారం. ఆ మూడు మాటలూ నిపుణుల నిర్ణయమే. వాటికి కారణం అడిగేవాడు లేడు. రిజర్వేషన్లను శాఖవారీగా లెక్కించాలని 2017లో అలహాబాదు హైకోర్టు చెప్పగా, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఒక్కొక్క శాఖలో ఒకటి రెండు పోస్టులే వుంటే రోస్టరులో దళితుడి వంతు ఎన్నటికీ రాదని దేశమంతటా అధ్యాపకులూ విద్యార్థులూ ఆందోళన చేశారు. ఆ సంవత్సరమే పార్లమెంటు చట్టం చేసి కేంద్ర విద్యాసంస్థల్లో మొత్తం సంస్థనే ప్రమాణంగా తీసుకోవాలని నిర్ణయించింది. ఇందులో మనకు పాఠం వున్నది. విద్యావ్యవహారాలన్నీ సాంకేతిక విషయాలుగా కనిపించినా, వాటి అడుగున వుండేది ఎవరికి చోటు దక్కుతుందన్న సామాజిక ప్రశ్న.

అయితే న్యాయమూర్తులను లోపలికి రమ్మని పిలుద్దామా? ఇక్కడే ప్రగతివాదులమైన మనకు సంకటం వస్తుంది. విశ్వవిద్యాలయ స్వయంప్రతిపత్తి కోసం పోరాడింది మనమే. 1966లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టాన్ని సవరించి, అప్పుడు పదవిలో వున్న వైస్ ఛాన్సలరు డి. ఎస్. రెడ్డిని గడువుకు ముందే తొలగించటానికి దారి చేసుకున్నది. ఒక్క వ్యక్తిని ఉద్దేశించి చేసిన ఆ నిబంధన సమానత్వ సూత్రానికి విరుద్ధమని 1967లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1987లో ఉస్మానియా అధ్యాపకుల సంఘమే సుప్రీంకోర్టుకు వెళ్ళి, ఉన్నత విద్యా కమిషనరేటు చట్టాన్ని రద్దుచేయించింది. ప్రభుత్వం చెయ్యి పడకుండా కంచె కట్టుకున్నవాళ్ళం, ఇవాళ కంచె లోపల అన్యాయం జరుగుతున్నదని బయటివారిని పిలిస్తే, రేపు ఆ బయటివారు తమకు నచ్చని పాఠ్యగ్రంథాన్నీ, నచ్చని అధ్యాపకుణ్ణీ కూడా తీసివెయ్యరని హామీ ఏమిటి? ఈ భయం అకారణం కాదు. దీనికి సమాధానం చెప్పకుండా న్యాయస్థానాలను నిందించటం బాధ్యతారాహిత్యం.

నిపుణులనే తొలగించి పరీక్ష పెడితే సరిపోతుందని కొందరంటారు. 2022 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ విశ్వవిద్యాలయాలన్నిటికీ ఉమ్మడి నియామక మండలి ఏర్పాటుచేసే బిల్లును ఆమోదించింది. గవర్నరు దానికి ఆమోదముద్ర వెయ్యలేదు. ఆ బిల్లు వెనుక వున్న ఆవేదన నిజమైందే. ఏళ్ళ తరబడి ఖాళీగా పడివున్న పోస్టులూ, ఇంటర్వ్యూల మీద పోయిన నమ్మకమూ అందుకు కారణం. కాని నాలుగు జవాబుల్లో ఒకదానికి గుర్తు పెట్టించి సాహిత్య అధ్యాపకుణ్ణి కనిపెట్టగలమా? ఒక పద్యం మీద అతను విద్యార్థులను పావుగంట సేపు పట్టి నిలపగలడా అన్నది తెలుసుకోవటానికి పద్యం తెలిసినవాడే కూర్చోవాలి. నిపుణుడు అవసరమే.

అయితే దారి ఏది? మన భాషాచరిత్రలోనే ఒక నిపుణుల సంఘం వున్నది. కళాశాలల్లో తెలుగు వ్యాసరచన ఏ భాషలో సాగాలన్న విషయం తేల్చటానికి మద్రాసు విశ్వవిద్యాలయం ఒక సంఘాన్ని వేసింది. సభ్యులు పండితులు, అందులో సందేహం లేదు. అధికసంఖ్యాకుల మొగ్గు గ్రాంథికం వైపు. గురజాడ అప్పారావు 1914లో ఆ సంఘానికి తన అసమ్మతి పత్రాన్ని సుదీర్ఘంగా, సోదాహరణంగా రాసి ఇచ్చారు. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. ఆనాటికి ఓడిపోయింది ఆయన పక్షమే. ఏ న్యాయస్థానమూ ఆ సంఘం నిర్ణయాన్ని రద్దుచెయ్యలేదు. రద్దుచేసి వుంటే భాషకు ఏమంత మేలు జరిగేది కాదు. ఒక న్యాయమూర్తి ఆజ్ఞతో వాడుక భాష బతకదు. కాని ఆ అసమ్మతి కాగితం మీద వున్నది. కారణాలు, ఉదాహరణలు, చరిత్ర అన్నీ అందులో వున్నవి. తర్వాతి తరాలు ఆ కారణాలను చదివి, రెండు పక్షాల వాదాన్నీ తూచి, ఎవరిది సత్యమో తేల్చుకున్నవి. నేను ఈ వ్యాసం రాస్తున్న భాషే ఆ తీర్పుకు సాక్ష్యం.

నిపుణులు తప్పుచేస్తారు. అది సహజం. వారి తప్పును సరిదిద్దగలిగేది మరింత పరిశీలన, మరింత చర్చ. కారణం రాయని చోట పరిశీలన లేదు, చర్చ లేదు, కాబట్టి దిద్దుబాటు కూడా లేదు. శాస్త్రం అన్నదే కారణాలను బహిరంగపరచే అలవాటు మీద నిలబడింది. కారణం చెప్పనివాడు ఎంత చదివినా, ఆ క్షణంలో శాస్త్రజ్ఞుడుగా ప్రవర్తించటం లేదు, దొరగా ప్రవర్తిస్తున్నాడు.

దొర అనే మాట నేను అలవోకగా వాడలేదు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో గడీ ముందు జరిగిన పంచాయితీలను చూసినవారు ఇంకా మన మధ్య వున్నారు. అక్కడ ఆరోపణ చేసేదీ దొరే, విచారించేదీ దొరే, దండుగ వేసేదీ దొరే. ఎందుకని అడగటమే నేరం. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జైత్రయాత్ర జరిపినప్పుడు వారి కోరికల్లో భూమి వున్నది, కూలి వున్నది, వెట్టి రద్దు వున్నది. వాటన్నిటి అడుగున ‘ఎందుకు’ అని అడిగే హక్కు వున్నది. ఆ అక్టోబరులోనే ఈ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించటంలో ఆశ్చర్యం లేదు. కారణం అడిగేవాణ్ణి చూసి భయపడటం అధికారానికి పాత లక్షణం.

కాబట్టి న్యాయస్థానాన్ని మనం కోరవలసింది ఇది. ఎవరు మెరుగైన పండితుడో మీరు తేల్చవద్దు. కాని తేల్చినవారు ఎందుకట్లా తేల్చారో రాశారా అని అడగండి. ఒక్కొక్క సభ్యుడు విడివిడిగా వేసిన మార్కులు వున్నవా, అసమ్మతి తెలిపినవాడి మాట నమోదైందా, బంధుత్వమూ గురుశిష్య సంబంధమూ ముందే వెల్లడించారా అని అడగండి. లేకపోతే నిర్ణయాన్ని మరొక సంఘానికి తిప్పి పంపండి. మీరు ఎంపిక చెయ్యవద్దు. ఇందులో స్వయంప్రతిపత్తికి భంగం ఏమీ లేదు. తన పనికి కారణం చెప్పుకోగల సంస్థకే స్వయంప్రతిపత్తి శోభిస్తుంది. ఇక శాసనకర్తలను కోరవలసింది, కారణాలు రాయాలన్న నియమాన్ని చట్టంలో చేర్చమని. నియమం కోరితే రాయవలసిందేనన్న అర్థం ఆ బెంగుళూరు తీర్పులోనే వున్నది. నిపుణుల పేర్లు వైస్ ఛాన్సలరు ఇష్టం మీద కాక, జాబితాలోంచి చీటీలు తీసి నిర్ణయించవచ్చు. ఇవేవీ విప్లవాలు కావు. అయినా ఎంత చిన్నవో అంత కష్టం.

ఎందుకు కష్టమో నా అనుభవం చెబుతుంది. కొన్నేళ్ళ కిందట ఒక కళాశాలలో అతిథి అధ్యాపకుల ఎంపికకు నన్ను విషయ నిపుణుడుగా పిలిచారు. నాకు గర్వంగానే అనిపించింది. పదకొండు మంది వచ్చారు. మార్కులు పెన్సిలుతో వెయ్యమన్నారు. తర్వాత సరిచూసి సిరాతో రాస్తామన్నారు. కింద సంతకం మాత్రం సిరాతో పెట్టించుకున్నారు. నేను పెట్టాను. టీ తాగి బస్సెక్కి ఇంటికి వచ్చాను. పైన ఏ అంకెలు మిగిలాయో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ పదకొండు మందిలో ఎవరైనా హైకోర్టుకు వెళ్ళివుంటే, నిపుణుల నిర్ణయాన్ని గౌరవించాలని తీర్పు వచ్చేది. ఆ నిపుణుణ్ణి నేనే.

న్యాయమూర్తుల మౌనాన్ని విమర్శించటం సులభం. ఈ పత్రిక చదివే అధ్యాపకుల్లో చాలామంది ఇవాళో రేపో అటువంటి బల్ల ముందు కూర్చుంటారు. విద్యార్థుల్లో చాలామంది ఆ బల్లకు ఎదురుగా నిలబడతారు. బల్లకు ఇవతల కూర్చున్నవాడు తన కారణాన్ని రెండు వాక్యాల్లో సిరాతో రాయటానికి ఏ తీర్పూ అడ్డం రాదు. రాయనక్కరలేదన్నారే గాని, రాయకూడదని ఎవరూ అనలేదు. తప్పు ఎక్కడున్నదో వేలు పెట్టి చూపించాలన్న మర్యాద మగ్గం దగ్గర వున్నప్పుడు, విశ్వవిద్యాలయంలో ఎందుకుండకూడదు? సిరిసిల్లలోని ఆ తండ్రికి మనం ఇంకా సమాధానం చెప్పలేదు.